నోరెత్తని జట్టు.. నోరాగని గురువు

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ మేనేజర్ బ్రయాన్ క్లఫ్ జీవితం

శని, ఆదివారాల్లో ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ మ్యాచ్ ఉందంటే ఇక్కడి మన క్యాంపుల్లో టీవీ గది నిండిపోతుంది. కేరళ మిత్రులు ముందు వరుసలో, మనవాళ్లు వాళ్ల వెనక. ఆట 90 నిమిషాలే కానీ, ఆట అయ్యాక మొదలయ్యే రగడ వారమంతా నడుస్తుంది. ఓడిపోయిన జట్టు మేనేజర్ మైకు ముందుకొచ్చి రిఫరీ మీద విరుచుకుపడతాడు. పెనాల్టీ ఇవ్వలేదంటాడు, కళ్లు కనిపించలేదా అంటాడు, కావాలనే చేశాడంటాడు. నాలుగు రోజులకు ఫుట్‌బాల్ సంఘం నుంచి నోటీసు వస్తుంది. తర్వాత జరిమానా, నిషేధం. మళ్లీ వారం ఇంకొకాయన వంతు.

అన్యాయం జరిగిందనుకున్నవాడు నోరు తెరవడం తప్పా? తెరిచిన నోటిని జరిమానాతో మూయించడం తప్పా? ఈ ప్రశ్న ఎప్పుడు లేచినా మాకు బ్రయాన్ క్లఫ్ గుర్తొస్తాడు. రిఫరీతో వాదించకూడదని తన ఆటగాళ్లకు ఖరాకండిగా నేర్పిన మేనేజర్ ఆయన. అదే మనిషి తన నోటిని మాత్రం ఏనాడూ అదుపులో పెట్టుకోలేదు. విచిత్రం ఏమిటంటే, ఆయన జట్లు ఆడిన మ్యాచ్‌లకు సంబంధించి రెండుసార్లు నిజంగానే రిఫరీల దగ్గరికి డబ్బు బేరం వెళ్లింది. అందుకే ఆయన కథ ఒక్క ఆటగాడి కథ కాదు. కింద ఉన్నవాడు ఎలా మాట్లాడాలి, పైన ఉన్నవాడు ఎలా వినాలి అనే సంగతి కూడా అందులో ఉంది.

పంచదార పాకం కాచే ఇంటి నుంచి..

క్లఫ్ 1935 మార్చి 21న ఇంగ్లండ్ ఈశాన్య ప్రాంతంలోని మిడిల్స్‌బరోలో పుట్టాడు. ఉక్కు, రేవు, రసాయన ఫ్యాక్టరీలు.. రెక్కల కష్టం మీద బతికే ఊరు అది. తండ్రి జోసెఫ్ మిఠాయి ఫ్యాక్టరీలో పంచదార పాకం కాచే పని చేసేవాడు. తొమ్మిది మంది పిల్లల్లో బ్రయాన్ ఆరోవాడు. 11 ఏళ్ల వయసులో రాసే పరీక్ష తప్పాడు. 1950లో చేతిలో ఒక్క సర్టిఫికెట్టూ లేకుండానే బడి మానేసి ఐసీఐ రసాయన కంపెనీలో చిన్న పనికి కుదిరాడు. 1953 నుంచి 1955 దాకా వైమానిక దళంలో తప్పనిసరి సైనిక సేవ చేశాడు.

చదువు అబ్బలేదు కానీ కాలికి బంతి అబ్బింది. సొంత ఊరి జట్టు మిడిల్స్‌బరోకు లీగ్‌లో 213 మ్యాచ్‌లు ఆడి 197 గోల్స్ కొట్టాడు. 1961లో సండర్‌లాండ్‌కు మారి అక్కడ 61 మ్యాచ్‌ల్లో 54 గోల్స్ కొట్టాడు. మొత్తం 274 లీగ్ మ్యాచ్‌ల్లో 251 గోల్స్. దాదాపు మ్యాచ్‌కొకటి అన్నమాట. ఇంత కొట్టినా ఇంగ్లండ్ జాతీయ జట్టులో 1959లో రెండంటే రెండు మ్యాచ్‌లే ఆడనిచ్చారు. పెద్దలు తనను చిన్నచూపు చూశారన్న కోపం అప్పటి నుంచే ఆయనలో ఉంది.

1962 డిసెంబర్ 26న ఆ ఆట ముగిసిపోయింది. సండర్‌లాండ్ మైదానంలో చలికి నేల గడ్డకట్టుకుపోయి ఉంది. బరీ జట్టుతో మ్యాచ్. బంతి కోసం పరిగెత్తిన క్లఫ్ గోల్‌కీపర్‌ను ఢీకొని పడిపోయాడు. మోకాలి లోపలి లిగమెంట్లు తెగిపోయాయి. నొప్పితో పాకుతుంటే, బరీ జట్టు ఆటగాడు బాబ్ స్టోకో రిఫరీ దగ్గరికెళ్లి ఇదంతా నటన అని చెప్పాడట. ఇది క్లఫ్ తర్వాత చెప్పుకున్న మాట. స్టోకోను ఆయన జన్మలో క్షమించలేదు. 1964లో మళ్లీ దిగి మూడు మ్యాచ్‌లు ఆడాడు కానీ కాలు సహకరించలేదు. 29 ఏళ్లకే ఆట మానుకోవాల్సి వచ్చింది.

పనిలో దెబ్బ తగిలి, ఒళ్లు పాడై, వయసుండగానే తిరుగు విమానం ఎక్కినవాళ్లను మనం ఎందరినో చూశాం. ఆ దెబ్బ కన్నా, నటిస్తున్నావన్న మాట ఎంత గుచ్చుకుంటుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. రిఫరీ చెవిలో మాటలు ఊది లాభం పొందాలని చూసే ఆటగాళ్లంటే క్లఫ్‌కు జీవితాంతం ఉన్న అసహ్యానికి ఆ చలి రోజు కూడా ఒక కారణమని మాకు అనిపిస్తుంది.

బస్సు నడపడానికి లైసెన్సు

ఫుట్‌బాల్‌లో మేనేజర్ అంటే ఆఫీసులో కూర్చునే మేనేజర్ కాదు. జట్టును ఎంచేది, ఆడించేది, గెలిపించేది, ఓడితే తిట్లు తినేది ఆయనే. 1965లో క్లఫ్‌ను హార్టిల్‌పూల్స్ అనే చిన్న క్లబ్ మేనేజర్‌గా తీసుకుంది. లీగ్ పట్టికలో అట్టడుగున కొట్టుమిట్టాడే క్లబ్ అది. వయసు 30. మొత్తం లీగ్‌లో అందరికన్నా చిన్న మేనేజర్. తోడుగా పాత స్నేహితుడు పీటర్ టేలర్‌ను పిలిపించుకున్నాడు. టేలర్ మంచి ఆటగాళ్లను కనిపెట్టేవాడు, క్లఫ్ వాళ్ల చేత పని చేయించేవాడు. క్లబ్ దగ్గర డబ్బు లేదు. అవసరమైతే జట్టు బస్సు తానే నడపొచ్చని క్లఫ్ పెద్ద వాహనాల లైసెన్సు తీసుకున్నాడు.

1967లో ఇద్దరూ డర్బీ కౌంటీకి వెళ్లారు. అప్పుడది రెండో డివిజన్ జట్టు. 1969లో ఆ డివిజన్ గెలిచి పైకి వచ్చింది. 1972లో ఏకంగా ఇంగ్లండ్ లీగ్ చాంపియన్ అయింది. ఐదేళ్లలో అంత మార్పు.

రిఫరీ జోలికి పోవద్దు

క్లఫ్ జట్లలో ఒక నియమం ఉండేది. రిఫరీ ఈల వేశాక ఎవరూ చుట్టూ మూగకూడదు, చేతులు ఊపకూడదు, ఎదురు చెప్పకూడదు. మీరినవాడు క్లఫ్‌కు జవాబు చెప్పుకోవాలి. ఆయన జట్టుతో మ్యాచ్ అంటే రిఫరీలకు ఊపిరి తీసుకోవడం తేలికయ్యేదని ఆ రోజుల్లో పేరు.

ఇది ఒక్క మర్యాద కోసమే కాదు. ఇందులో లెక్క కూడా ఉంది. వాదించినంత మాత్రాన రిఫరీ తన నిర్ణయం మార్చుకోడు. వాదించినవాడి పేరు మాత్రం పుస్తకంలోకి ఎక్కుతుంది. పేరు మళ్లీ మళ్లీ ఎక్కితే తర్వాతి మ్యాచ్‌కు నిషేధం పడుతుంది. వాదనలో పడ్డవాడు తన స్థానంలో ఉండడు, అవతలివాడు బంతి తీసుకుని వెళ్లిపోతాడు. కోపం వల్ల నష్టం మనకే అని క్లఫ్ లెక్క కట్టాడు.

సైటు మీద పనిచేసేవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది. కన్సల్టెంట్ ఇంజినీరు వచ్చి స్టీల్ కట్టింది సరిగ్గా లేదు, కాంక్రీట్ పోయొద్దు అని ఇన్‌స్పెక్షన్ షీటు మీద రాసేస్తే, అక్కడే నిలబడి అరిస్తే ఏమవుతుంది? కాంక్రీట్ లారీ వెనక్కి పోతుంది, రోజు పోతుంది. డ్రాయింగ్ తీసి చూపించి, కొలత కొలిచి, జవాబు కాగితం మీద పెట్టినవాడి మాట నిలుస్తుంది. ఫోర్‌మన్ అరిస్తే కింద ఉన్న 20 మంది హెల్పర్లూ అరవడం నేర్చుకుంటారు. ఫోర్‌మన్ నెమ్మదిగా ఉంటే గ్యాంగు మొత్తం నెమ్మదిగా ఉంటుంది. క్లఫ్‌కు ఈ సంగతి తెలుసు. కానీ మైకు ముందుకు వచ్చేసరికి తెలిసిందంతా మర్చిపోయేవాడు.

టూరిన్‌లో జరిగింది

1973 ఏప్రిల్ 11. యూరోపియన్ కప్ సెమీఫైనల్. ఇటలీలోని టూరిన్‌లో యువెంటస్‌తో డర్బీ మొదటి మ్యాచ్. డర్బీ 3-1తో ఓడింది. ఓటమి కన్నా ఎక్కువ మండించినవి రెండు సంగతులు. డర్బీ ముఖ్య ఆటగాళ్లు ఆర్చీ గెమిల్, రాయ్ మెక్‌ఫార్లాండ్‌లకు అంతకుముందే ఒక్కో హెచ్చరిక ఉంది. ఈ మ్యాచ్‌లో చిన్నపాటి తప్పులకే ఇద్దరి పేర్లూ మళ్లీ రాసుకున్నారు. దాంతో రెండో మ్యాచ్‌కు ఇద్దరూ దూరం. రెండోది, యువెంటస్‌లో ఉన్న జర్మన్ ఆటగాడు హెల్ముట్ హాలర్ విరామ సమయంలో జర్మన్ రిఫరీ గెర్‌హార్డ్ షులెన్‌బర్గ్‌తో మాట్లాడుతూ కనిపించాడు. టేలర్ అడ్డం పోబోతే అక్కడ తోపులాట జరిగింది.

మ్యాచ్ అయ్యాక క్లఫ్ ఇటలీ విలేకరులను మోసగాళ్లని తిట్టిపోశాడు. రాయలేని మాటలు కూడా వాడాడు. అయితే షులెన్‌బర్గ్ డబ్బు తీసుకున్నాడని ఆనాడూ రుజువు కాలేదు, ఆ తర్వాతా రుజువు కాలేదు. ఇద్దరు జర్మన్లు జర్మన్ భాషలో మాట్లాడుకోవడం నేరం కాదు. క్లఫ్ దగ్గర అనుమానం ఉంది, ఆధారం లేదు.

అసలు కథ ఆయనకు తెలియకుండా ఇంకో చోట నడిచింది. ఏప్రిల్ 25న డర్బీలో జరగాల్సిన రెండో మ్యాచ్‌కు రిఫరీ పోర్చుగల్‌కు చెందిన ఫ్రాన్సిస్కో లోబో. దెజో సోల్తి అనే హంగరీ దళారి ఆయన్ను కలిసి, యువెంటస్‌కు అనుకూలంగా ఉంటే 5000 డాలర్లు, ఒక ఫియట్ కారు ఇప్పిస్తానని బేరం పెట్టాడు. లోబో లొంగలేదు. విషయాన్ని తన పైవాళ్లకు తెలియజేశాడు. తర్వాత మైదానంలోకి వచ్చి నిక్కచ్చిగా ఆడించాడు. డర్బీకి ఒక పెనాల్టీ కూడా ఇచ్చాడు. అలన్ హింటన్ దాన్ని బయటికి కొట్టాడు. తలతో కొట్టినందుకు డర్బీ ఆటగాడు రోజర్ డేవిస్‌ను బయటికి పంపాడు. మ్యాచ్ 0-0తో ముగిసి డర్బీ ఇంటికి పోయింది.

లోబో ఫిర్యాదు మీద ఐరోపా ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ విచారణ జరిపింది కానీ అంతా తలుపులు మూసుకుని చేసింది. యువెంటస్‌కు సంబంధం లేదని తేల్చింది. ఈ బేరం సంగతి జనానికి తెలిసింది 1974లో. అదీ లండన్ సండే టైమ్స్ విలేకరులు బ్రయాన్ గ్లాన్‌విల్, కీత్ బాట్స్‌ఫర్డ్ తవ్వి తీస్తేనే.

ఇక్కడ ఇద్దరి తీరూ పక్కపక్కన పెట్టి చూడండి. క్లఫ్ గట్టిగా అరిచాడు, చేతిలో ఆధారం లేదు. లోబో అరవలేదు, జరిగింది జరిగినట్టు చెప్పాల్సిన చోట చెప్పాడు. కానీ అలా చెప్పినవాడి మాటను సంఘం గదిలోనే దాచేసింది. ఫిర్యాదును దాచిపెట్టే చోట అరిచేవాళ్లే పుడతారు.

రాసినందుకు కేసు

అదే ఏడాది ఇంకో గొడవ. లీడ్స్ యునైటెడ్ అప్పట్లో ఇంగ్లండ్‌లో బలమైన జట్టు. మొరటు ఆటకు, రిఫరీల చుట్టూ మూగడానికి కూడా పేరుమోసింది. క్రమశిక్షణ లేదని ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్, అంటే ఎఫ్ఏ, ఆ క్లబ్‌కు 3000 పౌండ్ల జరిమానా వేసి, దాన్ని కూడా వెంటనే కట్టనక్కర్లేదని పక్కన పెట్టింది. 1973 ఆగస్టులో క్లఫ్ సండే ఎక్స్‌ప్రెస్ పత్రికలో దీన్ని ఉతికి ఆరేశాడు. లీడ్స్‌ను కింది డివిజన్‌కు దించాలని, మేనేజర్ డాన్ రెవీకి జరిమానా వేయాలని రాశాడు. ఇంకో మాట కూడా రాశాడు. తీర్పు చెప్పే కమిటీలో కూర్చునేది వేరే క్లబ్‌ల పెద్దలే కదా, వాళ్లకు స్వార్థం ఉండదని ఎలా నమ్మాలి అనేది దాని సారాంశం.

ఆటకు చెడ్డపేరు తెచ్చాడంటూ ఎఫ్ఏ ఆయన్ను విచారణకు లాగింది. 1973 నవంబర్‌లో ఆరోపణ కొట్టేశారు. కానీ ఈలోపే జరగాల్సింది జరిగిపోయింది. టీవీల్లో, పత్రికల్లో మాట్లాడటం తగ్గించమని డర్బీ చైర్మన్ శామ్ లాంగ్సన్ పట్టుబట్టాడు. క్లఫ్ వినలేదు. అక్టోబర్ 15న టేలర్‌తో కలిసి రాజీనామా చేశాడు. వెనక్కి రావాలని ఊళ్లో జనం ఊరేగింపులు తీశారు. ఫలితం లేదు.

ఆ వ్యాసంలో రెండు రకాల మాటలున్నాయి. లీడ్స్‌ను దించేయాలనడం కోపంలో అన్న మాట. తీర్పు చెప్పేవాళ్లు స్వతంత్రులుగా ఉండాలనడం ఆలోచించాల్సిన మాట. ఎఫ్ఏ రెంటినీ ఒకే గాటన కట్టేసింది. విమర్శలో పొట్టు తీసి గింజ చూసుకునే ఓపిక పెద్దలకు ఉండదు. ఫుట్‌బాల్‌లోనే కాదు, అన్ని చోట్లా అంతే.

44 రోజులు

బ్రైటన్‌లో కొన్ని నెలలు గడిపాక 1974 జూలైలో క్లఫ్ అందరూ నోరెళ్లబెట్టే పని చేశాడు. తాను అంత తిట్టిన లీడ్స్‌కే మేనేజర్‌గా వెళ్లాడు. మీరు గెలిచిన పతకాలన్నీ మోసంతో గెలిచినవే, చెత్తబుట్టలో పారేయండని మొదట్లోనే ఆటగాళ్లతో అన్నాడని ఆ ఆటగాళ్లే తర్వాత చెప్పారు. ఆగస్టు 10న వెంబ్లీలో లివర్‌పూల్‌తో చారిటీ షీల్డ్ మ్యాచ్. లీడ్స్ కెప్టెన్ బిల్లీ బ్రెమ్నర్, లివర్‌పూల్ ఆటగాడు కెవిన్ కీగన్ కొట్టుకున్నారు. రిఫరీ ఇద్దరినీ బయటికి పంపితే చొక్కాలు విప్పి నేలకేసి కొట్టి పోయారు. ఈసారి ఎఫ్ఏ మెత్తగా లేదు. ఒక్కొక్కరికి 500 పౌండ్ల జరిమానా, 11 మ్యాచ్‌లు ఆటకు దూరం. మరుసటి నెలలోనే లీడ్స్ క్లఫ్‌ను ఇంటికి పంపింది. అక్కడ ఉన్నది 44 రోజులు.

అడవి జట్టు ఐరోపా చాంపియన్

1975 జనవరిలో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఆయన్ను పిలిచింది. రెండో డివిజన్‌లో 13వ స్థానంలో ఉన్న జట్టు. 1976లో టేలర్ కూడా వచ్చి చేరాడు. 1977లో పై డివిజన్‌కు ఎక్కారు. 1978లో లీగ్ చాంపియన్లయ్యారు. లీగ్‌లో వరసగా 42 మ్యాచ్‌లు ఓడకుండా ఆడారు. 1979లో మ్యూనిక్‌లో మాల్మోను 1-0తో ఓడించి యూరోపియన్ కప్ గెలిచారు. 1980లో మాడ్రిడ్‌లో హాంబర్గ్‌ను 1-0తో ఓడించి మళ్లీ గెలిచారు. ఒక మోస్తరు ఊరి క్లబ్‌కు వరసగా రెండేళ్లు ఐరోపా కిరీటం! అదీ రిఫరీతో పేచీ పెట్టుకోని జట్టుతో. రిఫరీని దబాయిస్తేనే గెలుస్తామనే వాళ్లకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

బ్రస్సెల్స్‌లో అమ్ముడుపోయిన మ్యాచ్

1984 యూఈఎఫ్ఏ కప్ సెమీఫైనల్. బెల్జియం జట్టు ఆండర్లెక్ట్‌ను సొంత మైదానంలో ఫారెస్ట్ 2-0తో ఓడించింది. ఏప్రిల్ 25న బ్రస్సెల్స్‌లో రెండో మ్యాచ్. స్పెయిన్ రిఫరీ గురుసెటా మూరో ఆండర్లెక్ట్‌కు ఒక పెనాల్టీ ఇచ్చాడు. ఫారెస్ట్ ఆటగాడు అవతలివాణ్ని తాకినట్టే కనిపించలేదు. చివరి నిమిషాల్లో ఫారెస్ట్ ఆటగాడు పాల్ హార్ట్ తలతో కొట్టిన గోల్‌ను రద్దు చేశాడు. ఆ గోల్ ఒప్పుకుని ఉంటే ఫారెస్ట్ ఫైనల్‌కు వెళ్లేది. 3-0తో ఓడి బయటికి పోయింది.

13 ఏళ్లు గడిచాయి. 1997లో అసలు సంగతి బయటపడింది. ఆండర్లెక్ట్ అధ్యక్షుడు కాన్‌స్టంట్ వాన్‌డెన్ స్టాక్ ఆ మ్యాచ్ తర్వాత రిఫరీకి పది లక్షల బెల్జియన్ ఫ్రాంకులు ఇచ్చాడని క్లబ్ ఒప్పుకుంది. అది అప్పు అని చెప్పుకున్నారు. గురుసెటా మూరో 1987లోనే కారు ప్రమాదంలో చనిపోయాడు. యూఈఎఫ్ఏ ఆండర్లెక్ట్‌ను ఒక ఏడాది ఐరోపా పోటీల నుంచి నిషేధించింది. 1998లో క్రీడా వివాదాల కోర్టు ఆ నిషేధాన్ని కూడా కొట్టేసింది. కారణం, శిక్ష వేసిన కార్యవర్గానికి ఆ శిక్ష వేసే అధికారం లేదు. తప్పు జరగలేదని కాదు, తప్పుడు గది నుంచి తీర్పు వచ్చిందని.

ఫారెస్ట్ ఆటగాళ్లకు ఆ ఫైనల్ తిరిగి రాలేదు. ఆలస్యంగా దొరికిన న్యాయం చెల్లని చెక్కు లాంటిది. నెలల తరబడి జీతం కోసం తిరిగినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

చెయ్యి జారింది, నోరు జారింది

క్లఫ్‌ను దేవుణ్ని చేయాలని మాకు లేదు. 1989 జనవరి 18న క్వీన్స్ పార్క్ రేంజర్స్ మీద ఫారెస్ట్ 5-2తో గెలిచింది. ఆనందంతో అభిమానులు మైదానంలోకి దూకారు. క్లఫ్ వాళ్లలో కొందరిని చెంపలు వాయించాడు. టీవీల్లో అందరూ చూశారు. ఎఫ్ఏ 5000 పౌండ్ల జరిమానా వేసింది. మిగిలిన సీజన్ అంతా మైదానం అంచున కూర్చోకుండా నిషేధించింది. ఆయనకు జరిమానా పెద్ద లెక్క కాదు. తన జట్టు పక్కన కూర్చోనివ్వకపోవడమే అసలు శిక్ష.

అదే ఏడాది ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరోలో లివర్‌పూల్, ఫారెస్ట్ సెమీఫైనల్. తొక్కిసలాటలో నలిగి 97 మంది లివర్‌పూల్ అభిమానులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1994లో తన ఆత్మకథలో క్లఫ్ ఆ తప్పును అభిమానుల మీదకే నెట్టాడు. అది తప్పుడు మాట. 2016లో విచారణ జ్యూరీ అభిమానుల తప్పేమీ లేదని తేల్చింది. తనకు తప్పుడు సమాచారం అందిందని క్లఫ్ బతికుండగానే ఒప్పుకున్నాడు కానీ, బిడ్డల్ని పోగొట్టుకున్న ఇళ్లకు ఆ మాట చేసిన గాయం మానలేదు. పేరున్నవాడి నోటి మాటకు బరువెక్కువ. ఆధారం లేకుండా విసిరితే ఎవరి నెత్తిన పడుతుందో తెలియదు.

ఇంగ్లండ్‌లో గెలవని ఒకే ఒక్క కప్

ఇంగ్లండ్‌లో ఆయన గెలవని పెద్ద కప్ ఎఫ్ఏ కప్ ఒక్కటే. 1991 మే 18న ఫైనల్ దాకా వచ్చాడు. ప్రత్యర్థి టాటెన్‌హామ్. ఆట మొదలైన కాసేపటికే వాళ్ల ఆటగాడు పాల్ గాస్కోయిన్ ఫారెస్ట్ ఆటగాడి ఛాతీ మీదికి కాలెత్తాడు. తర్వాత గ్యారీ చార్లెస్ కాలి మీద దూకి, తన మోకాలినే తెగ్గొట్టుకున్నాడు. రిఫరీ రోజర్ మిల్‌ఫర్డ్ ఆయనకు కార్డు చూపించలేదు. స్ట్రెచర్ మీద మోసుకుపోతే, బదులు ఇంకో ఆటగాడు దిగాడు. ఎర్ర కార్డు పడి ఉంటే టాటెన్‌హామ్ పది మందితో ఆడాల్సి వచ్చేది. ఇంకోవైపు టాటెన్‌హామ్ కొట్టిన మంచి గోల్‌ను కూడా ఆఫ్‌సైడ్ పేరుతో రద్దు చేశారు. తప్పులు రెండు వైపులా జరిగాయి. చివరికి ఫారెస్ట్ 2-1తో ఓడింది. ఎక్స్‌ట్రా టైమ్‌కు ముందు మిగతా మేనేజర్లయితే ఆటగాళ్ల మధ్యకు పరిగెత్తేవారు. క్లఫ్ కుర్చీలోంచి లేవకుండా పక్కనున్న పోలీసుతో కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నాడు.

ఆ తర్వాత దిగుడే. మద్యం ఆయన్ను తినేస్తోంది. టేలర్‌తో 1983లో మాటలు పోయాయి, 1990లో టేలర్ చనిపోయేదాకా కలవలేదు. 1993లో ఫారెస్ట్ అట్టడుగున నిలిచి కింది డివిజన్‌కు పడిపోయింది. క్లఫ్ రిటైరయ్యాడు. ఆటగాళ్ల బదిలీల్లో చేతులు మారిన డబ్బు గురించి ఎఫ్ఏ ఆయన మీద కూడా ఆరోపణ పెట్టి, ఆరోగ్యం బాగోలేదని వదిలేసింది. నిజమో కాదో తేలకుండానే ఆ కేసు మూసుకుపోయింది. 2003లో కాలేయ మార్పిడి జరిగింది. 2004 సెప్టెంబర్ 20న కడుపు క్యాన్సర్‌తో డర్బీ ఆస్పత్రిలో కన్నుమూశాడు. వయసు 69. నాటింగ్‌హామ్, డర్బీలను కలిపే రోడ్డుకు ఆయన పేరు పెట్టారు. మిడిల్స్‌బరో, నాటింగ్‌హామ్, డర్బీ మూడు ఊళ్లలోనూ విగ్రహాలున్నాయి. డర్బీలో మాత్రం పక్కన టేలర్ కూడా ఉన్నాడు.

మరి పెద్దలేం చేయాలి?

క్లఫ్ పోయిన ఆరు నెలల లోపే ఈ గొడవ ఎంత దూరం పోతుందో లోకం చూసింది. 2005 ఫిబ్రవరిలో బార్సిలోనా చేతిలో ఓడాక, విరామంలో అవతలి జట్టు కోచ్ రిఫరీ గదికి వెళ్లాడని చెల్సీ మేనేజర్ జోసె మౌరిన్యో ఆరోపించాడు. స్వీడన్ రిఫరీ ఆండర్స్ ఫ్రిస్క్‌కు, ఆయన ఇంటివాళ్లకు చంపేస్తామని బెదిరింపులు మొదలయ్యాయి. మార్చిలో ఆయన ఈల పక్కన పడేశాడు. మౌరిన్యోకు రెండు మ్యాచ్‌ల నిషేధం, 20 వేల స్విస్ ఫ్రాంకుల జరిమానా పడ్డాయి. మేనేజర్‌కు అది రెండు మ్యాచ్‌ల ముచ్చట. రిఫరీకి మాత్రం వృత్తే పోయింది.

అందుకే మేమనేది, తప్పు చేశాడనడానికీ అమ్ముడుపోయాడనడానికీ మధ్య గీత గట్టిగా గీయాలి. ఆ పెనాల్టీ ఇవ్వాల్సింది అని మేనేజర్ అంటే అది అభిప్రాయం, అననివ్వాలి. కావాలనే చేశాడు, డబ్బు తిన్నాడు అంటే అది నేరారోపణ. ఆధారం తెమ్మనాలి. తేలేకపోతే శిక్ష వేయాలి. ఆ శిక్ష కూడా డబ్బు రూపంలో కాదు. వారానికి లక్షల పౌండ్లు తీసుకునేవాళ్లకు జరిమానా చాయ్ ఖర్చు. 2011లో మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ రిఫరీ మార్టిన్ అట్కిన్సన్ మీద మాట్లాడితే 30 వేల పౌండ్లతో పాటు ఐదు మ్యాచ్‌లు మైదానం అంచుకు రానివ్వలేదు. తగిలే శిక్ష ఆ రెండోదే.

తీర్పు చెప్పేవాళ్లకు క్లబ్‌లతో సంబంధం ఉండకూడదు. 1973లో క్లఫ్ అడిగింది అదే. 2023లో న్యూకాజిల్ చేతిలో ఓడాక రిఫరీల పనితీరు మీద మండిపడ్డ ఆర్సెనల్ మేనేజర్ మికెల్ ఆర్టెటాపై ఎఫ్ఏ ఆరోపణ పెడితే, స్వతంత్ర కమిషన్ డిసెంబర్‌లో అది రుజువు కాలేదని తేల్చింది. పెద్దలు పెట్టిన కేసును పెద్దలకు సంబంధం లేనివాళ్లు కొట్టేయగలిగినప్పుడే, శిక్ష పడ్డ రోజు కూడా జనం నమ్ముతారు.

నోరు మూయమనేవాళ్లు చెవి కూడా తెరవాలి. లోబో చెప్పినప్పుడు యూఈఎఫ్ఏ ఆ సంగతి బయట పెట్టి ఉంటే, తర్వాతి ఏళ్లలో రిఫరీని కొనబోయేవాడు కొంతైనా జంకేవాడు. తప్పు జరిగినప్పుడు జరిగిందని త్వరగా చెప్పాలి. వీడియో గదిలో రిఫరీలు మాట్లాడుకున్న మాటల్లో కొన్నింటిని ఇంగ్లండ్ టీవీలో వినిపించడం 2023లో మొదలైంది. మంచి పనే. కారణం తెలిస్తే సగం కోపం అక్కడే చల్లారుతుంది.

ఇదంతా కోటీశ్వరుల ఆట గొడవ అనుకోవద్దు. టీవీలో పెద్ద మేనేజర్ చేసిందే ఊరి మైదానంలో చిన్న మేనేజర్ చేస్తాడు, పిల్లల తండ్రులు చేస్తారు. అక్కడి రిఫరీకి పోలీసు కాపలా ఉండదు. ఆ తిట్లు, దెబ్బలు పెరిగిపోయి, 2023 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పెద్దలు చిన్న లీగ్‌ల రిఫరీల ఒంటికి కెమెరాలు తగిలించి పరీక్షించడం మొదలుపెట్టారు. మొదట తగిలించింది ఎక్కడో కాదు, క్లఫ్ పుట్టి పెరిగిన మిడిల్స్‌బరో ప్రాంతంలోనే. రిఫరీకి ఎదురు చెప్పొద్దని జీవితాంతం ఆటగాళ్లకు నేర్పిన మనిషి సొంత గడ్డ మీద రిఫరీ కెమెరా కట్టుకుని ఈల వేయాల్సి వచ్చింది. ఆయన ఆటగాళ్లకు నేర్పింది, ఆయన నోరు నేర్చుకోనిది, రెండూ మేనేజర్లు నేర్చుకోవాలి. ఆయన అడిగింది పెద్దలు నేర్చుకోవాలి.